సాటి, మేటి, అవునులే

ఫిబ్రవరి 9

ఎందుకమ్మకి,

నోటికి తాళం వేసుకుని కూర్చున్న పిన్ని ఆశీర్వదిస్తూ రాస్తున్నది. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోనులో వేలితో పొడిచి రాద్దామని చూశాను. నాలుగు పేరాలు పొడిస్తే మీ అమ్మ ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంది. రైల్వేస్టేషను మైకులో ఇన్నేళ్ళు మాట్లాడిన మనిషికి బొటనవేలా జవాబు? ఒళ్ళు మండి ఫోను సొరుగులో పడేసి కాగితం తీశాను.

సంగతేమిటంటే నా గొంతులో చిన్న కాయ కాసింది. గొంతు డాక్టరమ్మ గొట్టం లోపలికి పోనిచ్చి తెర మీద చూపించింది. ఆవగింజంత. దాని పొగరు చూడు, నన్ను మాట్లాడనివ్వదట! చిన్న కోత చాలు, నెల తిరక్కుండా మళ్ళీ మైకు ముందు కూర్చోవచ్చు అంది. ఆవిడకి సాయంగా ఆసుపత్రిలో ఆలోచించి చెప్పే యంత్రం ఒకటి ఉంది. అదీ కోతే అంది. ఎందుకో బొమ్మ గీసి చూపించింది. నేను పలక మీద రాసి అడిగిన ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా బదులిచ్చింది. మన ఇంట్లో ఎవరికీ అంత ఓపిక లేదు.

అంతటితో అయిపోయేది. ఇంతలో ఆసుపత్రివాళ్ళు, (నువ్వు పనిచేసే ఆఫీసులో తయారైందే) ఇంకో పెద్దదాన్ని కూడా పరీక్ష కోసం అడుగుతున్నాం, సంతకం పెట్టండి అన్నారు. పెట్టాను. అది మూడే ముక్కలు చెప్పింది. కోయవద్దు. ఎండాకాలం వెళ్ళేదాకా మాట్లాడవద్దు. రోజూ పొద్దున వంటింట్లో, నోరు తెరవకుండా, సన్నగా కూనిరాగం తీయాలి. గదిలో కాదట, వంటింట్లోనేనట. ఎందుకో చెప్పలేదు.

నన్ను నోరు మూసుకోమనడానికి అంత తెలివి కావాలా తల్లీ? నాకు మాటలు వచ్చిన రోజు నుంచీ మీ అమ్మ ఆ మాటే అంటోంది, పైసా పుచ్చుకోకుండా. ఇంటిల్లిపాదీ కలిసి ఆ యంత్రానికి ఏదో నూరిపోశారనీ, అందులో నీ చెయ్యి ఉందనీ నా అనుమానం.

మీ బాబాయిని అడుగుదామంటే ఆయన సంగతి తెలిసిందే. ఊరు మునిగిపోతోందన్నా 'అవునులే' అంటారు. మీ పిల్లలంతా అవునులే బాబాయి అని ఊరికే పేరు పెట్టలేదుగా. గోడతో సంప్రదించడం ఒకటీ ఆయనతో సంప్రదించడం ఒకటీ.

హాస్యానికేం గానీ, నాకు భయంగా ఉంది. ఈ గొంతు తప్ప నాకు వేరే విద్య రాదు. కోత ఈ నెలాఖరుకి పెట్టారు. ఆ రెంటికీ తేడా ఏమిటో, ఎవరి మాట వినాలో తేల్చి రాయి.

మౌనవ్రతం పట్టని మౌని,
నీ పిన్ని

—

ఫిబ్రవరి 16

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదువుతుంటే నీ గొంతే వినపడింది, కాబట్టి కాయ వల్ల నాకేమీ నష్టం లేదు.

ముందుగా నా మీద వేసిన నింద కొట్టేయి. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎవరి పేరూ ఉండదు. ఆ వారం వచ్చినవాటిలో ఒకదాని మీద 'రోగి మౌనంగా ఉండాలన్న సలహాను వ్యక్తిగత అవమానంగా భావిస్తున్నారు' అని ఉంది. నువ్వేనేమోనని అప్పుడే అనుకున్నాను.

మా ఆఫీసులో ఆసుపత్రిదాన్ని సాటి, పెద్దదాన్ని మేటి అని పిలుచుకుంటాం. సాటి అంటే మనిషంతది. ఏ మనిషి అని అడుగుతావని తెలుసు. చదువుకుని, పని నేర్చుకుని, ఒళ్ళు వంచి పనిచేసే మామూలు మనిషి. అలాంటివాళ్ళు బుర్రతో చేసే ఏ పనైనా అది చేస్తుంది. దాని తప్పులు కూడా మనుషుల తప్పుల్లాగే ఉంటాయి కాబట్టి మనకి దొరుకుతాయి. నీకూ దానికీ పడకపోతే పోట్లాడుకోవచ్చు. ఎవరిది ఒప్పో పక్కవాళ్ళు చెప్పగలరు.

మేటి అంటే ఇంకాస్త చురుకైన సాటి అనుకోకు. సాటి వెయ్యింతలు వేగంగా ఆలోచించినా సాటే. బాబాయిలాంటి వాళ్ళని వెయ్యిమందిని ఒక హాల్లో కూర్చోబెడితే వెయ్యి అవునులేలు వస్తాయి గానీ కొత్త మాట ఒక్కటి పుట్టదు కదా. మనం ఎంతమందిమి ఎంతకాలం తలలు పట్టుకు కూర్చున్నా మనకి తట్టని చోటికి వెళ్ళి రాగలిగితే, అది మేటి. పూర్తిగా అలాంటిది పుట్టిందని మా దగ్గర ఎవరూ ఒట్టేసి చెప్పరు. కొన్ని విషయాల్లో మాత్రం గీత దాటింది.

నా చిన్నప్పుడు మీ ఇంట్లో మేడమెట్లకి కుర్చీ అడ్డం పెట్టావు, గుర్తుందా? 'ఎందుకు?' అని వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చాను. నువ్వు విడమరిచి చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు. మేటి ముందు మనమంతా ఆ కుర్చీకి ఇవతల ఉన్న పిల్లలం. కాకపోతే అప్పుడు కుర్చీ పెట్టినదానివి నువ్వు, మా పిన్నివి. మేటి నాకేమీ పిన్ని కాదు.

అందుకే దాన్ని 'ఎందుకు' అని అడగడానికి నన్ను పెట్టుకున్నారు. అది చెప్పేది అసలు కారణమా, మనల్ని ఊరుకోబెట్టే కబురా అని చూడటమే నా ఉద్యోగం. నీకు తెలిసిన నా బుద్ధికి ఇంతకన్నా తగిన పని దొరకదు.

నీ విషయం కూడా అడుగుతాను. అప్పటిదాకా తొందరపడకు.

కుర్చీకి ఇవతలి నుంచి,
నీ ఎందుకమ్మ

—

ఫిబ్రవరి 24

ఎందుకమ్మా,

ఏ రోటి దగ్గర ఆ పాట పాడినట్టు, అటు సాటినీ పొగిడావు, ఇటు మేటినీ పొగిడావు. అడిగినదానికి మాత్రం జవాబు లేదు. పైగా సాటితో ఎవరైనా పోట్లాడవచ్చు అని రాశావు. అంటే నేను ప్రశ్నలు వేసింది సాటిని కాబట్టి నా తెలివి అంతవరకేననా? సరే, పెద్దయ్యాక రాతల్లోనే నన్ను దెప్పడం నేర్చుకున్నావు.

డాక్టరమ్మని కదిలిస్తే ఆవిడ నిజాయితీగానే చెప్పింది. కొన్నాళ్ళు ఆగితే ప్రమాదమేమీ లేదు, కత్తి ఎక్కడికీ పోదు, కూనిరాగం వల్ల హాని లేదు, మేలు ఉందో లేదో నాకు తెలియదు అంది. అందుకని కోత వాయిదా వేయించి రోజూ పొద్దున పాలు కాస్తూ తేనెటీగలా గుయ్యిమంటున్నాను. కానీ స్టేషను పెద్దాయన కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాం అని కబురు పంపాడు.

ఖాళీగా ఏం లేదులే. నా బదులు ఒక సాటిని పెట్టారు. చూద్దామని ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. తప్పు పట్టుకోవాలనే వెళ్ళాను. ఒక్కటీ దొరకలేదు. నా పాత రికార్డులతోనే దానికి నేర్పారట. బండి ఆలస్యమని చెప్పేముందు నేను ఒక చిన్న ఊపిరి తీస్తానా, అదీ తీసింది. నా పక్కనున్న ఆవిడ 'ఈమె గొంతు ఎంత హాయిగా ఉంటుందో' అంది. అది నేను కాదని పలక మీద రాయబోయి ఊరుకున్నాను. మనిషంతది అంటే ఏమిటో నాకు ఆ బెంచీ మీద అర్థమైంది. దాని గురించి ఇంకేమీ రాయను.

ఇంటి సంగతులు. వంటింట్లోంచి కేకేయలేను కదా అని ఒక గంట కొనుక్కున్నాను. గంట కొడితే రావాలని మీ బాబాయికి పలక మీద రాసి చెప్పాను. అవునులే అన్నారు. కొడితే రాలేదు. వెళ్ళి చూస్తే హాయిగా పేపరు చదువుకుంటున్నారు. ఇంతకాలం అచ్చాఫీసులో యంత్రాల మధ్య పనిచేసి ఆ యంత్రాలంత మొండిగా తయారయ్యారు.

కానీ ఒక వింత చెప్పనా? పలక మీద రాయడం మొదలుపెట్టాక ఆయన ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు! నిన్న పక్కింటివాళ్ళ గొడవ రాసి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వి, 'తర్వాతేమైంది?' అన్నారు. నోరు మూసుకుంటే మొగుడు మాట్లాడతాడని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు.

ఈసారైనా సూటిగా రాయి. కోతా, మౌనమా?

గంట కొట్టినా పలికేవారు లేని,
నీ పిన్ని

—

మార్చి 3

పిన్నీ,

బెంచీ సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. నా చిన్నప్పుడు నేను అన్నం తినకపోతే 'ఒకటో నంబరు ముద్ద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది' అనే దానివి. ఆ ముద్ద సంగతి దానికెవరూ నేర్పి ఉండరు.

మేటిని అడిగాను. ఎందుకు కోయవద్దన్నావు అంటే, ఆవిడ ఇంట్లో మామూలుగా మాట్లాడిన మాటలు కావాలంది. స్టేషనువి పనికిరావట. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో పాత రికార్డులు వాడుకోవచ్చనే ముక్క ఉంది కాబట్టి, నా ఫోనులో రికార్డు చేసి దాచుకున్న నీ కబుర్లు ఇద్దామనుకున్నాను. అమ్మని తిట్టినవి తీసేస్తే రెండే మిగిలాయి. చేసేదిలేక తిట్లతో సహా ఇచ్చాను.

అది విని ఒకే మాట చెప్పింది. 'ముందు వినేవాళ్ళ చెవులు పరీక్ష చేయించండి.' అంతే. తిట్లలో దానికేం దొరికిందో మాకెవరికీ తెలియలేదు. నా పక్క సీటతను ఇది పొరపాటున వచ్చిన జవాబు అన్నాడు. కావచ్చు. తెలివైనదని చెప్పి ప్రతి మాటా వేదం అనుకోవడానికి వీల్లేదు. అయినా చెవి పరీక్షకి పోయేదేముంది? ఒకసారి చేయించు.

ఇక సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని రోగి గురించైతే పేజీల కొద్దీ రాసేదాన్ని. నీ విషయానికొచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు. నాకు తెలిసింది ఒక్కటే. మౌనం నచ్చకపోతే రేపు మానేయవచ్చు, కోసింది మళ్ళీ అతికించలేం. నేనైతే ఆగుతాను. కానీ ఆగితే పోయేది నీ కుర్చీ, నాది కాదు. అది నేను చెప్పగలిగే మాట కాదు.

చెయ్యి ఆడని,
ఎందుకమ్మ

—

మార్చి 12

మహా మేధావి అయిన మేనకోడలికి కాదు, అక్కకూతురికి (కోపంలో వరసలు కూడా తప్పుతున్నాయి),

నీ మేటి మాట విని పరువు పోగొట్టుకున్న పిన్ని రాస్తున్నది.

వినేవాళ్ళ చెవులు పరీక్ష చేయించమంది కదా. ఈ ఇంట్లో వినేదాన్ని నేనొక్కదాన్నే. తలుపు కొడితే వినేది నేను. కుళాయి కారితే వినేది నేను. పక్కింటావిడ కష్టసుఖాలు వినేది నేను. మీ బాబాయి ఎప్పుడు ఏం విన్నారు కనక? కాబట్టి నేనే వెళ్ళాను. చెవుల మీద డిప్పలు పెట్టి, గాజుగదిలో కూర్చోబెట్టి, కీచుమన్నప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. చివరికి ఆ పరీక్ష చేసే అబ్బాయి నవ్వి, 'మీవి పాముచెవులండీ, నా చేతి గడియారం కూడా వినపడుతున్నట్టుంది' అన్నాడు. వినపడింది. మూడు నిమిషాలు వెనకబడి ఉందని కూడా పలక మీద రాసిచ్చాను.

మీ బాబాయిని తోడు తీసుకెళ్ళడం ఇంకో తప్పు. అక్కడి అమ్మాయి ఆయనే రోగి అనుకుని 'లోపలికి రండి' అని మూడుసార్లు పిలిచింది. ఈయన గోడ మీద చేపల బొమ్మ చూస్తూ రాయిలా కూర్చున్నారు. అందరూ మమ్మల్నే చూశారు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని, మేటి అన్న పేరొకటి! గొంతుకి జబ్బు చేస్తే చెవి చూడమంటుంది. మోకాలికి బోడిగుండుకి ముడి అంటే ఇదే. నాకు విసుగొచ్చింది. మా స్టేషను పెద్దాయన కూడా ఇక ఆగలేనన్నాడు. సాటే నయం. అర్థమయ్యేలా చెప్పింది, అడిగితే బదులిచ్చింది. డాక్టరమ్మకి చెప్పేశాను. కోత ఈ నెల ఇరవై ఎనిమిదిన.

నువ్వు మాత్రం బెంగ పెట్టుకోకు. నీ తప్పేమీ లేదు. నువ్వు తెలియదని రాశావు చూడు, నీ చదువు మీద నాకు గౌరవం పెరిగింది.

పాముచెవుల,
పిన్ని

—

మార్చి 17

పిన్నీ, కోత ఆపు!

పరీక్ష నీకు కాదు, బాబాయికి! వినేవాళ్ళంటే నీ మాటలు వినేవాళ్ళు. ఆ మాట విడమరిచి రాయకపోవడం నా బుద్ధితక్కువ.

నీ ఉత్తరం అందగానే బాబాయికి ఫోను చేశాను. విషయమంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన 'అవునులే' అని పెట్టేశారు. అమ్మకి చెప్పి నీకు చెప్పమన్నాను. బొటనవేలు పంపింది. నీ ఫోనేమో సొరుగులో ఉంది. అందుకే ఈ ఉత్తరం రెట్టింపు టికెట్లు అంటించి పంపుతున్నాను.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదువు. గంట కొడితే రాలేదు. మూడుసార్లు పిలిస్తే లేవలేదు. పలక మీద రాస్తే నవ్వి, తర్వాతేమైంది అన్నారు. ఇంతకాలం మనం ఆయన్ని చూసి నవ్వుకున్నాం గానీ, ఒక్కరమైనా ఎందుకు అని అడిగామా? ఆ పేరు పెట్టించుకున్న నేనే అడగలేదు.

ఆయన చెవులు చూపించు. ఆ తర్వాత నీ ఇష్టం.

పోస్టు డబ్బాకి పరుగెత్తుతున్న,
ఎందుకమ్మ

—

మార్చి 29

ఎందుకమ్మకి,

కోత చేయించుకోలేదు. నిన్న ఆ సమయానికి నేనూ మీ బాబాయీ చెవిమిషను కొలతలు ఇచ్చి వచ్చి, పార్కులో బెంచీ మీద కూర్చున్నాం.

ఆయనకి సగానికి పైగా వినపడదట. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోయిందట. అచ్చుయంత్రాల హోరుకి అక్కడ చాలామందికి ఇంతేనట. ఒక్కసారిగా పోయుంటే తెలిసేది. రోజుకింత చొప్పున పోతే ఎవరికి తెలుస్తుంది? ఆయన చెవి తగ్గిన కొద్దీ నేను గొంతు పెంచుకుంటూ పోయాను. నేను అరుస్తున్నానని నాకు తెలియదు. ఆయనకి వినపడటం లేదని ఆయనకి తెలియదు. 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని ఎన్నిసార్లు అన్నానో, అదీ ఆయన ముందే.

కోసినా లాభం ఉండేది కాదని డాక్టరమ్మ ఇప్పుడంటోంది. ఇంటికొచ్చి మళ్ళీ అరిచేదాన్ని, మళ్ళీ కాయ కాసేది.

బెంచీ మీద పలక తీసి, 'మరి వినపడటం లేదని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?' అని రాశాను. ఆయన ఏమన్నారో తెలుసా? 'వినపడకపోవడం కాదనుకున్నాను. నీకు నాతో మాట్లాడటం మీద ఆసక్తి పోయి, నీలో నువ్వే గొణుక్కుంటున్నావనుకున్నాను. అడిగితే బాగుండదని అవునులే అనేవాణ్ణి.'

గొణుక్కోవడం! నేను! వీధి చివర కొట్టువాడికి మా ఇంట్లో ఏం వండుతున్నామో తెలిసేలా మాట్లాడితే, ఈ మనిషికి నేను దూరమైపోతున్నట్టు అనిపించిందట. నేను ఇంత బాధ ఎప్పుడూ పడలేదు, ఇంత ముద్దు కూడా ఆ మనిషి మీద ఎప్పుడూ రాలేదు.

మౌనం కొనసాగిస్తున్నాను. కుర్చీ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

అయితే ఒక మాట. మా అమ్మే బతికి ఉంటే, ఇల్లు దాటకుండానే, 'అల్లుడి చెవి చూపించవే' అనేది. ఇంత చిన్న విషయానికా మీరు మేటి అని బిరుదు ఇచ్చారు?

ఇంకా మాట్లాడని,
నీ పిన్ని

—

ఏప్రిల్ 10

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో ముక్కు చీదుతుంటే పక్క సీటతను జలుబా అని అడిగాడు. అవునులే అన్నాను.

అమ్మమ్మ సంగతి నిజం. చెవి గురించి చెప్పిన ముక్కలో మేటితనం లేదు. చెప్పగానే మనకి తెలిసింది, పరీక్ష చేస్తే తేలింది. ఎవరైనా శ్రద్ధగా చూసుంటే పట్టుకునేవాళ్ళు, సాటి కూడా. మనం గొంతు చూపించి గొంతు గురించే అడిగాం, అది గొంతే చూసింది.

కానీ కూనిరాగం సంగతి ఇంకా తేలలేదు. ఎందుకు, అందులో వంటింట్లోనే ఎందుకు అని అడిగాను. ఈసారి పేజీలకు పేజీలు చెప్పింది. నలుగురం కూర్చుని చదివాం. ఏ వాక్యానికి ఆ వాక్యం అర్థమవుతోంది, మొత్తం కలిపితే చేతికి చిక్కడం లేదు. సాటి చేత కూడా చదివించాం. 'సబబుగానే తోస్తోంది' అంది, అంతకుమించి చెప్పలేకపోయింది. మా ఆఫీసు పెద్దాయన తలాడించి, 'సరిగానే ఉన్నట్టుంది, ముందుకి పంపుదాం' అన్నారు. అందరూ తలాడించారు.

నాకు అప్పుడు బాబాయి గుర్తొచ్చారు పిన్నీ. ఎదుటివాళ్ళ మాట అందటం లేదు, అందటం లేదని చెప్పడానికి మొహమాటం, అందుకని అవునులే. సాటితో మాట్లాడేటప్పుడు ఆ అవసరం రాదు. మేటి మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అది నిజమే చెబుతున్నా మనకి వినపడదు. అబద్ధం చెబుతున్నా వినపడదు. రెంటికీ ఒకేలా తలాడిస్తాం.

నేను సంతకం చేయాల్సిన చోట 'నాకు అర్థం కాలేదు' అని రాసి దాని కింద సంతకం పెట్టాను. పెద్దాయనకి నచ్చలేదు. నా సీటు మార్చే ఆలోచనలో ఉన్నారని వింటున్నాను. నీ కుర్చీకీ నా సీటుకీ ఒకేసారి గండం పట్టింది. ఏం చేస్తాం, రక్తసంబంధం!

నువ్వు మాత్రం రాగం ఆపకు. హాని లేదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి అంటున్నాను, మేటి చెప్పిందని కాదు.

అవునులే అనని,
ఎందుకమ్మ

—

జూలై 6

ఎందుకమ్మా,

ఉత్తరాల్లో ఇదే ఆఖరిది. ఇక నేను చేసినప్పుడు ఫోను ఎత్తు. సొరుగులోంచి తీశాను.

మొన్న డాక్టరమ్మ మళ్ళీ గొట్టం వేసి చూసింది. ఆవగింజ లేదు. ఉన్నచోట చిన్న ఎర్ర మచ్చ ఉంది, అదీ పోతుందట. కుర్చీ సగం దక్కింది. పొద్దుటి బళ్ళు నావి, సాయంత్రం బళ్ళు ఆ సాటివి. పెద్దాయన ఇంతకన్నా చేయలేనన్నాడు. బాధగానే ఉంది. కానీ సాయంత్రాలు ఇంట్లో ఉండటానికి ఈమధ్య నాకు కొత్తగా ఒక కారణం దొరికింది. నీ సీటు నీకే ఉంచారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. అర్థం కాలేదని రాసినవాళ్ళు నీతో కలిపి ముగ్గురయ్యారటగా.

ఇక అసలు సంగతి. మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టమంది డాక్టరమ్మ. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట, ఘనంగా ఉండాలని రాత్రంతా ఒక వాక్యం కూర్చుకున్నాను. పొద్దున లేచి పాలు పొయ్యి మీద పెట్టాను. మీ బాబాయి హాల్లో చేతులు కడుక్కుంటూ, అలవాటు ప్రకారం నీళ్ళు అలా వదిలేశారు. కూర్చుకున్న వాక్యం ఎక్కడికి పోయిందో. వెనక్కి తిరక్కుండానే 'కుళాయి కట్టేయండి' అన్నాను. గట్టిగా అనలేదు. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది.

కుళాయి ఆగిపోయింది.

ఒక్కసారి చెప్పాను, ఆగిపోయింది. గట్టు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. పాలు పొంగిపోయాయి. ఆయన కంగారుగా వచ్చి నొప్పిగా ఉందా అన్నారు. లేదన్నాను. అదీ ఒక్కసారే చెప్పాను.

పొయ్యి తుడుస్తూ ఆయన ఒక మాట చెప్పారు. చెవిమిషను పెట్టిన కొత్తలో గిన్నెలు, బళ్ళు, కుక్కలు, అన్నీ ఒకేసారి మీద పడినట్టుండేదట. చాలామంది అక్కడే విసుగెత్తి తీసి పెట్టెలో పెట్టేస్తారట. ఈయనా పెట్టేద్దామనుకున్నారట. 'పొద్దున్నే వంటింట్లోంచి నీ రాగం ఒక్కటే సన్నగా, తిన్నగా వచ్చేది. రోజూ ముందు దాన్ని పట్టుకునేవాణ్ణి. దాన్ని పట్టుకుని మిగతావన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నాను' అన్నారు.

ఇప్పుడు చెప్పు. ఆ రాగం నా గొంతు కోసం చెప్పిందా, ఆయన చెవి కోసం చెప్పిందా? వంటింట్లో తీయమన్నది ఫిబ్రవరిలో. అప్పటికి ఆయన చెవి సంగతి నాకు తెలియదు, ఆయనకి తెలియదు, నువ్వు నా తిట్లు కూడా దానికి వినిపించలేదు. డాక్టరమ్మని అడిగితే కావచ్చు అంది. ఆసుపత్రి సాటిని అడిగితే అవుననీ కాదనీ రెండువైపులా ముచ్చటగా వాదించింది. ఊరికే కలిసొచ్చిందేమో కూడా. మేలు చేసింది కదా అని నేనేమీ ఇంటి తాళాలు దాని చేతికివ్వను. అలాగని చేసిన మేలు మరిచిపోయే మనిషినీ కాను. కానీ నిన్నటి నుంచీ రాగం తీస్తుంటే, ఎవరో నా వెనకాల నిలబడి నాకన్నా ముందే అన్నీ చూసి పెట్టినట్టుంది. ఒక్కోసారి అది హాయిగా ఉంది. ఒక్కోసారి ఒళ్ళు జలదరిస్తోంది.

వెళ్ళి అడుగు తల్లీ. అది ఎన్ని పేజీలు చెప్పినా సరే, నీకు అందేదాకా అడుగు. తల మాత్రం ఆడించకు.

ఒక్కసారే చెబుతున్న,
నీ పిన్ని